వించ్, కప్పీ: దుంగల తరలింపు (కోలారు ప్రాంతము)

నిర్వచనము

చేతితోగాని, లివరుతోగాని, చిన్న ఇంజనుతోగాని త్రిప్పబడుచు, తాడును తనకు చుట్టుకొనుటచేతగాని, తనగుండ నడపుటచేతగాని దూరముననున్న బరువును తన వైపునకు లాగుకొను సాధనమునకు వించ్ అని పేరు. అంచున గాడి కలిగి, ఇరుసుపై తిరుగుచు, తనపైగా పోవు తాడు దిశను మార్చునట్టిది, లేదా లాగుబలమును హెచ్చించునట్టిది కప్పీ. బావిమీది గిలకయు కప్పీయే. ఈ రెండును కలిసినప్పుడు, పదిమంది గడ్డపారలతో మీటినను కదలని మానును ఇద్దరు మనుష్యులు తొందరలేక తరలింపగలరు. ఒకరో ఇద్దరో మోసికొనిపోయి, పనిచోట దొరకిన చెట్టునకో బండకో పాతిన గుంజకో కట్టుకొనదగిన వించ్‌ను ఈ వ్యాసమున సంచార వించ్ అని వ్యవహరించుట జరిగినది. కర్ణాటక రాష్ట్రమున తెలుగు, కన్నడము, తమిళము కలగలిసి వినబడు కోలారు జిల్లాను, అందలి బంగారు గనుల పట్టణమును ప్రధానముగా గైకొని ఈ విషయము వివరింపబడుచున్నది. (చూ. కోలారు బంగారు గనులు, సరళ యంత్రములు.)

పూర్వ చరిత్ర

కప్పీల కూర్పుచేత మహాభారమును ఒంటి మనిషి లాగగలడని నిరూపించిన ఘనత క్రీస్తుపూర్వము 3వ శతాబ్దికి చెందిన ఆర్కిమిడీసునకు ఆపాదింపబడుచున్నది. సిరక్యూస్ రేవున ప్రయాణికులతోను సరకుతోను నిండిన ఓడను ఆయన కూర్చుండి లాగెనని ప్లూటార్కు వ్రాసిన వృత్తాంతము ప్రసిద్ధము. అందలి అతిశయోక్తి ఎంతయైనను, సూత్రము మాత్రము సత్యము. అలెగ్జాండ్రియా వాసియైన హీరాన్ తన యంత్రశాస్త్ర గ్రంథమున మీటకఱ్ఱ, చీల, మర, కప్పీ, ఇరుసుచక్రము అను ఐదింటిని మూలయంత్రములుగా పరిగణించెను. వించ్ వీనిలో ఇరుసుచక్రపు వంశమునకు చెందినది.

అడవి పనిలో ఎద్దులు, గుఱ్ఱములు, ఏనుగులు చేసిన పనిని యంత్రమునకు అప్పగించుట 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మొదలైనది. అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున జాన్ డోల్బీర్ 1881లో రూపొందించిన ఆవిరి వించ్ ఆ ప్రాంతపు మహావృక్షముల దుంగలను కొండవాలులమీదుగా ఈడ్చెను. అయితే దానికి బాయిలరు, వంటచెరకు, నీరు, పనివారి దండు కావలసియుండెను. అందుచేత దానిని ఒకరిద్దరు మోయదగిన సాధనముగా ఎంచ వీలులేదు. ఆ లక్షణము, అనగా మనిషి భుజముపై పట్టునంతటి తేలికదనము, చిన్న పెట్రోలు ఇంజనులును దృఢమైన సన్నని తాళ్లును వచ్చిన పిదపనే సిద్ధించినది.

కోలారు గనులలో కఱ్ఱ, తాడు, చక్రము

కోలారు ప్రాంతమున బంగారము కలదని లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1802లో గమనించెను. మైకేల్ లావెల్ అను ఐరిష్ సైనికుడు 1870 దశకమున త్రవ్వకమునకు అనుమతి పొందెను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను లండను సంస్థ ప్రవేశించిన పిదప మైసూర్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గం గనులు క్రమముగా వృద్ధిచెందినవి. పడమరకు వాలి భూమిలోనికి దిగిన ఖనిజపు పొరను అనుసరించి పోయిన ఈ గనులలో చాంపియన్ రీఫ్ గని ఉపరితలమునుండి 3 కిలోమీటర్లకు మించిన లోతునకు చేరెను. అక్కడి గిఫర్డ్ షాఫ్టు ఒక్కటే ఎక్కడను మలుపులేక సుమారు 2 కిలోమీటర్లు నిలువుగా దిగియుండుటచే ప్రపంచఖ్యాతి గాంచినది.

ఇట్టి గనిలో బరువు మోయుట యనగా ప్రథమముగా నిలువున మోయుట. షాఫ్టు శిరోభాగమున నిలిచిన ఉక్కు కట్టడమునందు పెద్ద కప్పీచక్రము, దానికి కొంత దూరమున వైండింగ్ యంత్రపు డ్రమ్ము, ఈ రెంటిమధ్య ఏటవాలుగా సాగిన ఉక్కు తాడు: కె.జి.యఫ్. అను ఈ గనుల పట్టణపు ఆకాశరేఖను చిరకాలము తీర్చిన దృశ్యమిదియే. తత్త్వతః ఇది నేలకు బిగింపబడిన మహా వించ్, దానికి తోడు ఒకేయొక స్థిర కప్పీ. అంతకుమించి మరేమియు కాదు. శివసముద్రము జలవిద్యుత్కేంద్రమునుండి సుమారు 147 కిలోమీటర్ల దూరము తంతులు లాగి 1902లో ఈ గనులకు విద్యుత్తు చేర్చుటతో యంత్రశక్తి ఆవిరినుండి విద్యుత్తునకు మారుటకు మార్గమేర్పడెను. శిరోభాగపు కప్పీ అంత పెద్దదిగా నుండుటకు కారణము కలదు. ఉక్కు తాడు చిన్న చక్రముపై వంగినకొలది అందలి తీగెలు పదేపదే వంగి, అలసి, తెగును. చక్రపు వ్యాసము ఎంత పెద్దదైన తాడు ఆయుర్దాయము అంత హెచ్చు. మోసికొనిపోవు కప్పీలో ఆ వైశాల్యమును పాటింప వీలులేదు. కనుకనే సంచార వించ్‌లకు వాడు ఉక్కు తాడు గని తాడుకంటె త్వరగా చెడును, తరచుగా పరీక్షింపవలసియుండును.

గనిలో కఱ్ఱ వినియోగము ప్రధానముగా ఊత కొరకు. త్రవ్విన గుల్లల పైకప్పు కూలకుండ దుంగలను నిలువుగను అడ్డముగను బిగించుట తొలినాటి పద్ధతి. లోతు హెచ్చినకొలది శిల తన బిగువును అకస్మాత్తుగా విడిచి పగులు రాక్‌బర్స్టులు ప్రబలుటచే, కఱ్ఱ ఊతముల స్థానమున గ్రానైటు రాతికట్టడములు, కాంక్రీటు ప్రవేశించినవి. కఱ్ఱ మాత్రము సంపూర్ణముగా తొలగిపోలేదు. లోహపు గనుల సాధారణ పద్ధతి యిది: దుంగను కేజ్ అను పంజరములోనో, దాని అడుగున వ్రేలాడదీసియో క్రిందికి దింపుదురు, అచటినుండి పట్టాల మీది తోపుడు బండ్లపై సొరంగపు మార్గములలో నడపుదురు, ఏటవాలు గుల్లలలోనికి మాత్రము చేతి వించ్‌తోగాని, సంపీడిత వాయువుచే నడచు చిన్న వించ్‌తోగాని తాడు కట్టి లాగుదురు. నిప్పురవ్వ పుట్టక, మోటారు వేడి కూడ లేక పనిచేయుటచే వాయు వించ్‌లు గని లోపలి పనికి అనువైనవి.

ఈ గనులు 1956లో మైసూరు ప్రభుత్వపరమై, 1962లో కేంద్ర ప్రభుత్వాధీనమై, 1972నుండి భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ పేర నడచి, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. (చూ. గని ఊతములు, వైండింగ్ యంత్రము.)

రకములు

సంచార వించ్‌లలో నాలుగు జాతులు వాడుకలో కలవు. మొదటిది డ్రమ్ము వించ్. చేతిపిడిని త్రిప్పినప్పుడు పండ్లచక్రములు తిరిగి తాడు డ్రమ్మునకు చుట్టుకొనును; రాట్చెట్ చక్రపు పండ్లలో పడు చిన్న నాలుక బరువు వెనుకకు జారకుండ అడ్డుకొనును. దీనియందొక సహజలోపము కలదు. తాడు పొరపై పొరగా చుట్టుకొన్నకొలది డ్రమ్ము వ్యాసము పెరిగినట్లై లాగుబలము తగ్గిపోవును. అందుచే తయారీదారులు పేర్కొను సామర్థ్యము సాధారణముగా మొదటి పొరకు మాత్రమే వర్తించును.

రెండవది, మన దేశపు నిర్మాణ పనులలోను, విద్యుత్ స్తంభములు నిలుపువారిలోను టిర్ఫర్ అను పేర ప్రసిద్ధమైన లివరు యంత్రము. దీనికి డ్రమ్ము లేదు. లోపలనున్న రెండు జతల దవడలు, తాడుమీద పైకి ప్రాకు మనిషి రెండు చేతులవలె, ఒకటి విడిచినప్పుడు మరియొకటి పట్టుచు ఉక్కు తాడును తమగుండ నడపును. లివరు ఒక్కసారి కదలించినచో తాడు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే జరుగును. కాని తాడు ఎంత పొడవైనను లాగవచ్చును, బరువును ఎచ్చట కావలసిన అచ్చట మిల్లీమీటరు తేడాలేక నిలుపవచ్చును. 800, 1600, 3200 కిలోల సామర్థ్యములలో ఇవి లభించును. మితిమీరిన బరువు పడినప్పుడు లివరులోని మెత్తని పిన్నులు ముందుగా తెగి యంత్రమును కాపాడును. ఆ పిన్నుల స్థానమున గట్టి మేకు దిగగొట్టి పని సాగించుట పనిచోట్ల కనబడు దురలవాటు. దానివలన తెగవలసిన పిన్నునకు బదులు తాడు తెగును.

మూడవది చైన్ కప్పీ. ఇది నిలువున ఎత్తుటకు ఉద్దేశింపబడినది. కట్టెల అడితులలోను రంపపు మిల్లులలోను దుంగను లారీనుండి దింపుటకు, కోత బల్లపైకి ఎక్కించుటకు ముక్కాలి మీదనో దూలము మీదనో వ్రేలాడదీయుదురు. నేలమీద దూరము లాగుటకు దీని గొలుసు పొడవు చాలదు.

నాలుగవది కాప్‌స్టన్ వించ్. చిన్న పెట్రోలు ఇంజను ఒక నున్నని డ్రమ్మును త్రిప్పుచుండగా, దానికి మూడు నాలుగు చుట్లు త్రిప్పిన తాడు కొసను మనిషి తేలికగా పట్టుకొని లాగుచుండును. చుట్ల సంఖ్య పెరిగినకొలది పట్టు గుణశ్రేఢిలో పెరుగును: ఘర్షణగుణకము 0.25 అనుకొన్నచో మూడు చుట్లకు చేతిబలము నూరు రెట్లకు పైగా హెచ్చును. కొస విడిచినచో తాడు డ్రమ్ముపై జారి లాగుట ఆగిపోవును. తాడు పొరలుగా పేరుకొనదు కనుక లాగుబలము ఆద్యంతము ఒకే తీరున నుండును. సుమారు 16 కిలోల బరువు కలిగి, ఒక టన్ను వరకు లాగగల ఇట్టి యంత్రములు విదేశములలో విరివిగా వాడబడుచున్నవి. కోలారు పల్లెలలో ఇవి అరుదు. (చూ. చైన్ కప్పీ; రాట్చెట్.)

పనిచేయు విధము

లెక్క చిన్నది, కాని దానిని చేయకయే పనికి దిగుట సర్వసామాన్యము. మూడు మీటర్ల పొడవును, 40 సెంటీమీటర్ల అడ్డుకొలతయు గల పచ్చి నీలగిరి దుంగ ఘనపరిమాణము ఘనమీటరులో మూడవ వంతునకు కొంచెము మించును. పచ్చి కఱ్ఱ ఘనమీటరు సుమారు టన్ను తూగునని కొన్నచో దుంగ బరువు 400 కిలోలకు సమీపించును. చదునైన ఎఱ్ఱనేలపై ఈడ్చునప్పుడు ఘర్షణ ఆ బరువులో సుమారు సగము. కనుక 200 కిలోల లాగుబలము కావలెను. 15 డిగ్రీల వాలున పైకి లాగవలసినచో ఇది దాదాపు 300 కిలోలగును. మెత్తని దుక్కిలో దుంగ ముక్కు దిగబడినచో ఈ లెక్క ఏదియు నిలువదు.

కప్పీ చేయు మేలు అది ఎచ్చట కట్టబడినదన్న విషయముపై ఆధారపడును. ఎదుటి చెట్టునకు కట్టిన స్థిర కప్పీ తాడు దిశను మాత్రమే మార్చును; బలమును పెంచదు. దుంగకే కట్టబడి దానితోపాటు కదలు కప్పీ అట్లు కాదు. వించ్‌నుండి వచ్చిన తాడు ఆ కప్పీని చుట్టి మరల వెనుకకు పోయి స్థిరమైన ఆధారమునకు కట్టబడినప్పుడు దుంగను రెండు పోగులు లాగును. పైని చెప్పిన 300 కిలోలకు వించ్ భరింపవలసినది 150 కిలోలు, దానికితోడు కప్పీ ఇరుసు వద్ద నష్టపడు నూటికి ఐదు పది పాళ్లు. దీనికి మూల్యము దూరము: దుంగ ఒక మీటరు జరుగుటకు వించ్ రెండు మీటర్ల తాడును చుట్టవలెను. ఏ కప్పీల కూర్పును శ్రమను హరింపదు, కాలముమీదికి పంచిపెట్టును.

స్థిర కప్పీపై పడు బరువు విషయమున పలువురు పొరపడుదురు. తాడు కప్పీని చుట్టి పూర్తిగా వెనుదిరిగినచో కప్పీమీదను, దానిని పట్టియున్న కొక్కెము మీదను, దానికి ఆధారమైన చెట్టుమీదను తాటి బిగువునకు రెండింతల బలము పడును. సమకోణమున తిరిగినచో 1.4 రెట్లు. ఒక టన్ను వించ్‌కు ఒక టన్ను కప్పీ చాలునని తలచుట ఇందుచేతనే ప్రమాదకరము. పక్కపలక తెరచి తాడును మధ్యభాగముననే ఇమిడ్చి మరల మూయదగిన కప్పీని స్నాచ్ బ్లాక్ అందురు. పొడవైన తాడు కొసను వెదకి దూర్చు పని లేకుండుటచే అడవిపనికి ఇదియే శ్రేష్ఠము.

దుంగను పట్టు పద్ధతియు గమనింపదగినది. గొలుసునో పట్టెడతాడునో కొసకు కొంత లోపలగా జారుముడి వేసి తగిలించినచో లాగినకొలది బిగియును. దుంగ ముందుకొస అంచును గొడ్డలితో చుట్టూ చెక్కి గుండ్రముచేసినచో రాళ్లకు తగులుకొనదు. ఎదుటి చెట్టుమీద కప్పీని కొంచెము ఎత్తున కట్టినచో దుంగ ముక్కు నేలనుండి లేచి ఈడ్పు తేలికపడును; కాని అంతమేరకు ఆ చెట్టు ఒరగు ప్రమాదము పెరుగును. క్రింద దొర్లుడు కట్టెలు పరచుట పురాతనమైనను, గట్టి చదునునేలపై నేటికిని దీనిని మించిన ఉపాయము లేదు. (చూ. ఘర్షణ, దొర్లుడు కట్టెలు.)

ఆధారము

వించ్ పని విఫలమగుటకు కారణములను పరిశీలించినచో యంత్రము చెడుటకంటె ఆధారము ఊడుటయే ఎక్కువగా కనబడును. సజీవమైన పెద్ద చెట్టు ఉత్తమాధారము. దాని మొదలున, నేలకు సాధ్యమైనంత దగ్గరగా, బెరడు కోసికొనిపోకుండ వెడల్పాటి నవారు పట్టీని చుట్టి కట్టవలెను. చెట్టు లేనిచోట రెండు మూడు ఇనుప గుంజలను లాగు దిశకు వ్యతిరేకముగా వాల్చి, ఒకదాని వెనుక నొకటిగా దిగగొట్టి, ముందరి దాని తలను వెనుకదాని మొదలునకు కట్టి బిగింతురు. లోతైన మట్టిలో గొయ్యి త్రవ్వి ఒక దుంగను అడ్డముగా పాతి దానికి తాడు కట్టుట మరింత దృఢము. కోలారు నేలలు పలుచోట్ల లోతు తక్కువైన ఎఱ్ఱమట్టి. గుంజ కొంత దిగగానే రాయి తగులును. ఆ లోపమును ఆ రాయియే తీర్చుచున్నది. పొలముల నడుమ పైకి పొడుచుకొనివచ్చిన గ్రానైటు, నైస్ శిలల గుండ్లు సహజమైన ఆధారములు. వానికి ఉక్కు తాడును నేరుగా చుట్టినచో మొనదేలిన అంచులచే తీగెలు నలిగిపోవును కనుక గోనెపట్టలు గాని, పాత టైరు ముక్కలు గాని మధ్యనుంచవలెను. గుండు భూమిలో పాతుకొనియున్నదో, ఊరక నిలిచియున్నదో ముందుగా గడ్డపారతో మీటి చూచుట అవసరము.

కోలారు జిల్లాలో దుంగలు, వాని వినియోగము

ఈ జిల్లాలో వృక్షసంపద యనగా నీలగిరియే ముందుగా స్ఫురించును. పూర్వము కోలారు జిల్లాలో భాగమై, 2007నుండి చిక్కబళ్లాపురము జిల్లాకు చేరిన నందికొండపై టిప్పు సుల్తాను కాలమున, ఇంచుమించు 1790లో, ఈ జాతి తొలిసారి నాటబడినదని చెప్పుదురు. మైసూరు గమ్ము అను ప్రసిద్ధ సంకరజాతి అచ్చటి చెట్లనుండియే వ్యాపించినది. 1980 దశకపు సామాజిక వనీకరణ కాలమున వర్షాధారపు పొలములు అనేకము నీలగిరి తోటలైనవి. భూగర్భజలములు అడుగంటుటకు ఈ తోటలు కారణమన్న వాదము బలపడి, 2017లో కర్ణాటక ప్రభుత్వము కొత్తగా నీలగిరి నాటుటను నిషేధించెను. ఈ వాదమున జలము తగ్గుటకు నీలగిరి పాలెంత, బోరుబావుల పాలెంత యను చర్చ వేఱు. (చూ. నీలగిరి చెట్టు, సామాజిక వనీకరణ.)

నీలగిరి తోటలు సాధారణముగా ఏడెనిమిదేండ్లకే కొట్టబడును. ఆ వాసములు మనిషి భుజముపై మోయదగినంత సన్ననివి. కాగితపు గుజ్జునకు పోవునవి తొక్క ఒలిచి చిన్న తుంటలుగా కోయబడును. వీనికి వించ్ అక్కరలేదు. సరుగుడు వాసముల సంగతియు ఇట్టిదే. వించ్ అక్కఱకు వచ్చునది ముదురు చింత, మామిడి, వేప, కానుగ మ్రాకులు గాలివానకు కూలి బాటకో కాలువకో అడ్డముపడినప్పుడు. చెఱువు గట్టు అవతల లారీ చేరని పల్లమున దుంగ నిలిచిపోయినప్పుడు. మరల మరల చిగిర్చి లావెక్కిన నీలగిరి మోళ్లను పెకలించి నేలను సేద్యమునకు తేదలచినప్పుడు. మోడు పెకలించుటకు కావలసిన బలము దాని బరువుతో లెక్కకట్టరాదు, వేళ్ల పట్టును బట్టి అది అనేక రెట్లుండును. చుట్టూ మట్టి త్రవ్వి, పక్కవేళ్లు నరికి, అటుపై కప్పీతో రెండింతల బలము చేకూర్చి లాగుట క్రమము. ట్రాక్టరును, మట్టి త్రవ్వు యంత్రమును అద్దెకు దొరకు నేటి రోజులలో ఈ పని చాలవరకు వానికే పోయినది. యంత్రము దూరలేని ఇరుకు తోటలలోను, గట్టుల మీదను, ఇండ్ల నడుమను మాత్రమే చేతి వించ్‌కు పోటీ లేదు.

భద్రత

బిగిసిన తాడు తెగినచో అది దాచుకొన్న శక్తి అంతయు ఒక్క క్షణమున వెలువడును. ఎక్కువ సాగు గుణము గల నైలాను తాళ్లు ఈ విషయమున మరింత అపాయకరములు. సాగుదల తక్కువైన పాలియెస్టరు తాళ్లు మేలు. కప్పీ వద్ద తాడు మలుపు తిరిగి ఏర్పరచు కోణము లోపల ఎవ్వరును నిలువరాదు, ఏలయన కప్పీ ఊడినచో అది ఎగిరిపోవునది ఆ దిశకే. బిగిసిన తాడును దాటరాదు. తాడు నడుమ తడిగోనెయో బరువైన దుప్పటియో వేసినచో తెగినను దాని విసురు తగ్గును. వాలునేలపై పనివారు దుంగకు ఎగువ వైపుననే యుండవలెను.

ఉక్కు తాడును దాని తెగుబలములో అయిదవ వంతునకు మించి బరువు వేయకుండ వాడుట వాడుకలోనున్న నియమము. తెగిన తీగెలను కనిపెట్టుటకు తాడు పొడవునా ఒక పాత గుడ్డపేలికను నెమ్మదిగా జరుపుదురు. ఎచ్చట పేలిక తగులుకొని చిరుగునో అచ్చట తీగె తెగినదని గుర్తు. ఒట్టి చేతితో ఈ పరీక్ష చేయరాదు. బుల్‌డాగ్ క్లిప్పులతో కొసను మడచి బిగించునప్పుడు వంపుతిరిగిన బోల్టు చచ్చు కొసమీదను, పలక బరువు మోయు పోగుమీదను పడునట్లు చూడవలెను; ఇది తారుమారైనచో బరువు మోయు పోగే నలిగి బలహీనపడును.

చట్టములు, ప్రమాణములు

చేతి చైన్ కప్పీలకు ఐ.యస్. 3832, సాధారణ పనులకు వాడు ఉక్కు తాళ్లకు ఐ.యస్. 2266 భారతీయ ప్రమాణములు కలవు. 2025 వరకు అమలులోనుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 29వ సెక్షను ననుసరించి కర్మాగారములలోని ఎత్తుడు యంత్రములను, గొలుసులను, తాళ్లను అర్హుడైన పరీక్షకుడు పన్నెండు నెలల కొకసారియైన పరీక్షింపవలసియుండెను. రంపపు మిల్లు ఫ్యాక్టరీ నిర్వచనమునకు లోబడినచో ఈ నియమము దానికిని వర్తించెను. గనుల విషయమున 1952 నాటి గనుల చట్టము, 1961 నాటి లోహగనుల నిబంధనలు ప్రత్యేకముగా అమలులో నుండెను.

చెట్టును కొట్టుట వించ్ పనికి పూర్వరంగము కనుక 1976 నాటి కర్ణాటక వృక్షసంరక్షణ చట్టమును ఇచట పేర్కొనుట యుక్తము. నీలగిరి, సరుగుడు, కొబ్బరి, సిల్వర్ ఓక్, సుబాబుల్ వంటి కొన్ని జాతులకు ఈ చట్టము మినహాయింపు నిచ్చినది. మినహాయింపు లేని చెట్టు సొంత పొలములో నున్నను, దానిని కొట్టుటకు ముందు వృక్షాధికారి అనుమతి పొందవలసియున్నది.